విన్సెంట్ గారి చెయ్యి

జనవరి 14

విరిగింది.

జనవరి 14, మధ్యాహ్నం

ఇందాక కంగారులో ఒక్క ముక్కే రాశాను. ఇప్పుడు వివరంగా రాస్తాను. విరిగింది నా వల్ల కాదు, వాక్యూమ్ క్లీనర్ వైరు వల్ల. వైరు వెళ్ళి విన్సెంట్ గారు నిలబడే చెక్క అర కాలికి చుట్టుకుంది. దాన్ని గట్టిగా లాగింది ఎవరన్నది వేరే సంగతి. అర ఊగింది, విన్సెంట్ గారు ముందుకు వంగారు, నేను పట్టుకోబోయే లోపల నేల మీద బోర్లా పడ్డారు. ద్రాక్షగుత్తి పట్టుకున్న ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఊడి సోఫా కిందికి దొర్లింది.

విన్సెంట్ గారు ద్రాక్షతోటల్ని కాచే పునీతుడు, మా ఇంట్లో ఉన్నది ఆయన చెక్క విగ్రహం. ఇరవై రెండో తేదీ ఆయన పండగ. ఆ రోజున ఊరంతా ఊరేగింపుగా వచ్చి ఆయన్ని మా ఇంట్లోంచి తీసుకెళ్ళి నన్ను పిన్నీ అని పిలిచే కోరలీ ఇంట్లో పెడతారు. మా ఊరు కుర్వినీలో ద్రాక్షతోట ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆయన ఏడాది చొప్పున ఉంటారు. రెండు వందల ఏళ్ళుగా ఇదే వరస. అందులో ఆడదాని పేరు మీద వంతు రావడం నాతోనే మొదలు. కోరలీది రెండోది. పాపం, పోయిన నెలే ఓక్ చెక్కతో కొత్త అర చేయించుకుంది.

పోయినేడు విగ్రహాన్ని నా చేతిలో పెడుతూ ద్రాక్ష రైతుల సంఘం అధ్యక్షుడు ఆర్సేన్ మోర్లో మైకులో అన్న మాట నేను చచ్చేదాకా మరచిపోను. "జాగ్రత్తమ్మా సొలాంజ్. ఆడవాళ్ళు దుమ్ము దులుపుతూ ఏం పడేస్తారో వాళ్ళకే తెలీదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండిపోతోంది, ఎందుకంటే సరిగ్గా దుమ్ము దులుపుతూనే పడేశాను. ఇది బయటికి పొక్కిందంటే కోరలీకి వంతు రాదు. ఆమెకే కాదు, ఈ ఊళ్ళో ఇంకే ఆడదానికీ రాదు. ఆర్సేన్ సరిగ్గా ఇలాంటి దాని కోసమే కాచుకుని కూర్చున్నాడు.

జనవరి 15

జిగురు తెచ్చాను. పది సెకన్లలో పట్టేస్తుందని డబ్బా మీద రాసి ఉంది. నిజమే, పట్టేసింది. విన్సెంట్ గారి మోచేతికి నా బొటనవేలు పట్టేసింది.

అదే సమయానికి కోరలీ టేపు పట్టుకుని వచ్చింది. అర ఎత్తు సరిపోతుందో లేదో ఒక్కసారి విగ్రహాన్ని కొలుచుకుంటానంది. ఆయన్ని చంకలో పెట్టుకుని, తలుపు వెనక నిలబడి, తల మాత్రం బయట పెట్టి మాట్లాడాను.

"ఒంట్లో బాలేదా పిన్నీ? అలా వంకరగా నిలబడ్డావేంటి?"

"మోకాలు."

"మరి చెయ్యి చూపించవేంటి?"

"మోకాలు నొప్పి చేతికి పాకింది. నువ్వు వెళ్ళు, నేను కొలిచి ఫోన్ చేస్తా."

వెళ్ళింది. వేడి నీళ్ళు, నూనె, వెన్న, అన్నీ అయ్యాక వేలు ఊడింది. విన్సెంట్ గారి మోచేతి మీద రంగు కూడా కాస్త ఊడి వచ్చింది. కింద తెల్లగా ఏదో కనిపించింది. నేను పట్టించుకోలేదు.

ఫోంబ్రూన్ మఠంలో విగ్రహాలు బాగుచేసే బ్రదర్ ఒకాయన ఉన్నాడట. ఎప్పటి నుంచో అక్కడికి వెళ్ళి నాలుగు రోజులు ప్రశాంతంగా ప్రార్థన చేసుకోవాలని ఉంది.

జనవరి 16

వచ్చాను. అతిథిగృహంలో నాది మూడో గది. మంచం, బల్ల, శిలువ, హీటర్. హీటర్‌కు కూడా మౌనవ్రతమే అనుకుంటాను.

విన్సెంట్ గారిని డిక్కీలో పడుకోబెట్టడానికి మనసొప్పలేదు. ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. చెయ్యి కనబడకుండా మా ఆయన లూసియన్ పాత ఓవర్‌కోటు తొడిగాను, నెత్తిన ఆయన టోపీ పెట్టాను. పాపం, లూసియన్ పోయి ఆరేళ్ళయినా కోటుకు ఇంకా పొగాకు వాసన వస్తూనే ఉంది. పెట్రోలు బంకు దగ్గర ఆగేసరికి పక్కనే ఆర్సేన్ ట్రక్కు. నా ఖర్మ.

"ఏమ్మా సొలాంజ్, పొద్దున్నే ఎక్కడికి? పక్కనెవరు?"

"నిద్రపోతున్నారు. గట్టిగా అరవకండి."

"ఎవరంటే చెప్పవేంటి?"

"తెలిసినవాళ్ళే."

అబద్ధం కాదు కదా. ఆర్సేన్‌కు కూడా ఆయన తెలిసినవాడే.

మఠంలో అతిథుల్ని చూసుకునేది ఫాదర్ తెయోఫాన్. గుండ్రటి మనిషి, అడుగుల చప్పుడే వినిపించదు. ప్రార్థన కోసం వచ్చానని చెప్పాను. పనిలో పనిగా చెయ్యి సంగతి కూడా ప్రస్తావించాను. ఆయన విన్సెంట్ గారిని ఎత్తుకుని ఒక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు. ఆ తలుపు దాటి ఆడవాళ్ళు వెళ్ళకూడదు. తలుపు మూసుకుంది. ఏడాదిగా కంటి ముందున్న మనిషి అలా కనుమరుగైనా నాకు ఏమీ అనిపించలేదు. చెక్క విగ్రహం, అంతే.

జనవరి 17

ఇక్కడ మాట్లాడకూడదు. భోజనాల దగ్గర అసలే మాట్లాడకూడదు. అందరం వరసగా కూర్చుని సూపు తాగుతుంటే ఒక బ్రదర్ ఎత్తు పీట మీద కూర్చుని పుస్తకం చదువుతాడు. ఏ పుణ్యపురుషుల చరిత్రో అనుకున్నాను. కాదు, మంచుఖండంలో ఓడ ఇరుక్కుపోయిన నావికుల కథ. మొన్నటి నుంచీ నడుస్తోందట. ఈ పూట వాళ్ళు తోలుబూట్లు ఉడకబెట్టుకునే దగ్గర ఆపేశాడు. నా ఎదుటి అతిథి, లియాన్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు, చెంచా గాల్లోనే పట్టుకుని ఉండిపోయాడు. బూట్లు ఉడికాయో లేదో ఎవరినైనా అడుగుదామంటే నోరు తెరవకూడదు. నేను గదికి వచ్చి హీటర్‌ను అడిగాను.

కోరలీ నుంచి మెసేజీ: "పిన్నీ, మోకాలి వైద్యమని అందరితో చెప్తున్నా కానీ ఎవ్వరూ నమ్మట్లేదు. టోపీ పెట్టుకున్న ఆయనెవరు? మంచివాడేనా?"

ఊరంతా పాకిందన్న మాట. యాభై ఎనిమిదేళ్ళ వయసులో నేను ఒక పొట్టి మగాడితో లేచిపోయాను. కాదని చెబుదామంటే, మరి కారులో ఉన్నది ఎవరని అడుగుతారు. "చాలా మంచివాడు. తక్కువ మాట్లాడతాడు" అని జవాబిచ్చాను.

జనవరి 18

ప్రార్థన చేశాను. చెయ్యి గురించే.

ఆ తలుపు ముందు నుంచి ఊరికే అటూ ఇటూ నడిచాను. నడక ఒంటికి మంచిది. లోపల ఏదో గీకుతున్న చప్పుడు వినిపించింది. చెయ్యి అతికించడానికి గీకడం దేనికి?

ఓడవాళ్ళు బూట్లు తిన్నారు. ఉప్పు లేదట.

జనవరి 18, సాయంత్రం

ఇంకా గీకుతున్నారు.

జనవరి 19

దేవుడా.

జనవరి 19, కాస్త తేరుకున్నాక

ఫాదర్ తెయోఫాన్ నన్ను మాటల గదికి పిలిచారు. అతిథులు నోరు విప్పడానికి వీలున్నది ఆ ఒక్క గదిలోనే. బ్రదర్ ఓబిన్ వచ్చాడు. చేతులు రెండూ రంగు మరకలే, ముఖం నిండా సంతోషం. బల్ల మీద దుప్పటి కప్పిన విగ్రహం ఉంది. దుప్పటి తీశాడు.

చెయ్యి చక్కగా అతుక్కుంది, కాదనను. కానీ ఆ చేతికి వెనకున్న మనిషి మా మనిషి కాడు. ఎర్రటి అంగీ లేదు, బంగారు అంచు లేదు, నల్లటి ఉంగరాల జుట్టు లేదు. అక్కడక్కడా పాత తెల్ల రంగు అంటిన వట్టి చెక్క. ముసుగు చొక్కా తొడుక్కున్న ఒక బట్టతల సన్యాసి నా వైపు చూస్తున్నాడు. తల చుట్టూ వెంట్రుకల పట్టీ మాత్రం మిగిలింది. చేతిలో ద్రాక్షగుత్తి కూడా లేదు. దాని స్థానంలో తేనెపట్టు బుట్ట ఉంది, కింద తేనెటీగలు దూరే కన్నంతో సహా. గుత్తికి ఆ కన్నం ఎందుకుందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. పక్షి పొడిచిందని మా తాత చెప్పేవాడు.

"ఏం చేశారు బ్రదర్? చెయ్యి అతికించమన్నాను కదా!"

"పాత రంగూ, పైన అద్దిన సున్నపు పూతా తీయకుండా అతికిస్తే నిలవదమ్మా. మోచేతి దగ్గర కొంచెం తీశా. కింద తెలుపు కనపడింది. ఇంకొంచెం తీశా. ఆ తర్వాత ఆపబుద్ధి కాలేదు."

"ఎవరీయన?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఫాదర్ తెయోఫాన్ మెల్లగా అన్నారు: "బెర్నార్డ్ గారు. మా సన్యాసుల సంఘానికి పెద్ద దిక్కు, తేనెటీగలు పెంచేవాళ్ళ పునీతుడు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ప్రభుత్వం మఠాన్ని అమ్మేసినప్పుడు మా గుళ్ళోంచి మాయమయ్యారు."

కుర్చీ ఎక్కడుందో వెతుక్కుని కూలబడ్డాను. ఏడాది పొడవునా ప్రతి సాయంత్రం దీపం పెట్టి, ఒక గ్లాసు వైన్ పోసి, నా కష్టసుఖాలన్నీ చెప్పుకున్నాను. మా ఆయన సంగతులు చెప్పుకున్నాను. ఆర్సేన్ సంగతులు చెప్పుకున్నాను. తీరా చూస్తే ముక్కూ మొహం తెలియని ఒక సన్యాసికి చెప్పుకున్నానన్న మాట.

జనవరి 20

బ్రదర్ ఓబిన్‌ను బతిమాలాను. మళ్ళీ ఎర్ర రంగు వేయమన్నాను, జుట్టు పెట్టమన్నాను, కనీసం ఒక గుత్తి అతికించమన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మఠానికి రాకముందు నేను కార్ల షెడ్డులో పనిచేశానమ్మా. గుద్దుకున్న కార్లకి రంగేసి కొత్తవని అమ్మేవాళ్ళం. ఆ పాపం కడుక్కుందామనే ఇక్కడికొచ్చా. మళ్ళీ నా చేత అదే పని చేయించకు."

ఆయనకు నా రుమాలు ఇచ్చాను.

మధ్యాహ్నం మఠాధిపతి స్వయంగా వచ్చారు. బక్కపలచని ముసలాయన. ప్రతి మాటకూ ముందు కాసేపు కళ్ళు మూసుకుంటారు.

"అమ్మా, ఈయన మావాడు."

"మీవాడే కావచ్చు ఫాదర్. పెంచింది మేము."

"దొంగిలించింది కూడా మీరే."

"అంత మాటనకండి. మావాళ్ళు కాపాడారు."

"రెండు వందల ఏళ్ళా?"

"ఆ. జాగ్రత్తగా."

"మరి ఆ ఎర్ర రంగు?"

"చలికి."

ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు తెరవలేదు. తరువాత అడిగారు: "ఇన్నేళ్ళూ మీ తోటల్ని ఈయన బాగా చూసుకున్నారా?"

నిజం చెప్పక తప్పలేదు. రెండేళ్ళ క్రితం వసంతంలో మంచు పడి చిగుళ్ళన్నీ మాడిపోయాయి. అంతకుముందు వడగళ్ళు. దానికి ముందు బూజు తెగులు. చెబుతుంటే నాకే వెలిగింది. అసలు ఆయనకు ద్రాక్ష గురించి ఏం తెలుసని? మేం చేసుకున్న మొక్కులన్నీ తేనెటీగల మనిషికి చేరాయి.

"తేనె ఎలా ఉంటుంది మీ ఊళ్ళో?" అన్నారు మఠాధిపతి.

"తేనెకి ఏనాడూ లోటు లేదు ఫాదర్. బకెట్లలో తీస్తాం."

మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. భుజాలు మాత్రం కదిలాయి. ప్రార్థనో నవ్వో నాకు తెలియలేదు.

నేను దాచకుండా చెప్పేశాను. ఆర్సేన్ సంగతి, మైకు సంగతి, కోరలీ సంగతి, ఎల్లుండి నేను వట్టి చేతులతో వెళితే ఏమవుతుందో, అంతా. ఆయన విని లేచారు. "పండగకి తీసుకెళ్ళండి. నేనూ ఓబినూ వస్తాం. ఏమైందో అందరి ముందూ మీరే చెప్పాలి. ఆ తర్వాత సంగతి అక్కడే మాట్లాడదాం."

చెబుతానన్నాను. ఎలా చెప్పాలో మాత్రం ఆలోచించలేదు.

జనవరి 21

ఇంటికి చేరాను. దారంతా ఆయన కోటు వేసుకుని పక్కన కూర్చున్నారు. బట్టతలకు టోపీ జారుతోంది. నేను ఆయనతో మాట్లాడలేదు. మొదటిసారి కలిసినవాళ్ళతో ఏం మాట్లాడతాం?

ఓడవాళ్ళు బతికారో లేదో తెలియకుండానే వచ్చేశాను. ఇది అన్యాయం.

జనవరి 22

వరసగా రాస్తాను, లేకపోతే నేనే నమ్మను.

పొద్దున ఊరేగింపు మా గుమ్మం ముందుకు వచ్చింది. విగ్రహం మీద దుప్పటి కప్పి ఉంచాను, చలికి అన్నాను. పంచాయతీ హాలు దాకా నేనే మోశాను. వెనక నుంచి ఎవరో "ఆ టోపీ ఆయన ఏడీ? రాలేదా?" అని గుసగుసలాడారు. హాలులో పంది మాంసం, వెన్న రొట్టెలు, సీసాలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మఠాధిపతి, బ్రదర్ ఓబిన్ గోడ పక్కన నిలబడ్డారు. ఆర్సేన్ నడుముకు ఎర్ర పట్టీ కట్టుకుని మైకు పట్టుకున్నాడు. దుప్పటి లాగాడు.

హాలు మొత్తం మఠంలా అయిపోయింది.

"ఇదెవరు?" అన్నాడు ఆర్సేన్.

చెప్పాను. వాక్యూమ్ క్లీనర్ నాది, వైరు లాగింది నేను, చెయ్యి విరగ్గొట్టింది నేను. బాగు చేయించడానికి మఠానికి తీసుకెళ్ళాను. రంగు కింద బెర్నార్డ్ గారు బయటపడ్డారు. కారులో టోపీ పెట్టుకుని కూర్చున్నది కూడా ఈయనే. ఆ ఆఖరి మాటకు మాత్రం చాలామంది నిరాశపడ్డారు.

ఆర్సేన్ ముఖం పండగలా వెలిగింది. "నేనేం చెప్పాను పోయినేడు? అందరికీ గుర్తుందిగా? ఆడవాళ్ళ చేతికిస్తే ఇంతే మరి!"

"క్షమించండి," అన్నాడు బ్రదర్ ఓబిన్. పాపం, ఆయన సాయం చేద్దామనే అన్నాడు. "ఆ చెయ్యి ఇదివరకు కూడా విరిగిందండీ. మెడ కూడా. లోపల పాత జిగుర్లు చాలా ఉన్నాయి. ఒక చోట చూయింగ్ గమ్ కూడా ఉంది."

ఆడవాళ్ళ ఇళ్ళల్లో ఆయన ఇంతకుముందు ఉన్నది ఎప్పుడు? ఎప్పుడూ లేదు. ముందు వరసలోని ముసలి మోతుబరులు ఒక్కొక్కరే బూట్ల వైపు చూసుకున్నారు. ఒకాయనకు దగ్గు తెర ఎంతకీ ఆగలేదు.

ఆర్సేన్ కూడా దగ్గాడు. కానీ మనిషి గట్టివాడు, వెంటనే దారి మార్చాడు. "సరే, అది వదిలేద్దాం. ఈయన విన్సెంట్ కాదని తేలింది కదా. కాబట్టి ఈ వంతులు చెల్లవు. మఠంవాళ్ళది మఠంవాళ్ళకి ఇచ్చేద్దాం. మనం కొత్త విన్సెంట్‌ని చేయించుకుందాం. వంతులు మళ్ళీ మొదటి నుంచి. న్యాయంగా మొదట అధ్యక్షుడి ఇల్లు."

కోరలీ తల వంచుకుంది. టేపు ఇంకా ఆమె కోటు జేబులోనే ఉంది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నా మీద నేను నవ్వించుకున్నది చాలు, ఈ పిల్ల మీద నవ్వనివ్వను అనుకున్నాను.

"బాగుంది ఆర్సేన్ గారూ," అన్నాను. "వంతులు చెల్లవంటే ఎవరివీ చెల్లవు కదా. అంటే మీ ఇంట్లో విన్సెంట్ గారు ఎప్పుడూ లేరన్న మాట. మీ హాల్లో ఆయనతో దిగిన ఫొటోలు దింపేయండి. మీ నాన్నగారి సమాధి మీద 'మూడు మార్లు విన్సెంట్ గారికి ఆతిథ్యమిచ్చినవాడు' అని చెక్కించారు కదా. రేపు మనిషిని పంపుతాను, అది చెరిపేస్తాడు."

ఆర్సేన్ ముఖంలో వెలుగు ఆరిపోయింది. ముందు వరసవాళ్ళ ముఖాలు కూడా పాలిపోయాయి. వాళ్ళందరి తాతల సమాధుల మీదా అదే చెక్కి ఉంది. ఆర్సేన్ విగ్రహం దగ్గరికి వెళ్ళాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు, బట్టతల వైపు చూశాడు, తేనెపట్టు వైపు చూశాడు.

"విన్సెంటే," అన్నాడు. "చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, నేను గుర్తుపట్టనా? కొంచెం చిక్కారంతే."

"విన్సెంటే, విన్సెంటే," అన్నారు ముందు వరసవాళ్ళు.

నాకు మఠాధిపతి వైపు చూడడానికి ముఖం చెల్లలేదు. పాపం, తనవాడిని తీసుకెళ్దామని ఇంత దూరం వచ్చారు. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని అడిగారు: "అయితే ఈయన విన్సెంటేనని సంఘం నిర్ణయం?"

"సందేహమేముంది ఫాదర్!" అన్నాడు ఆర్సేన్.

"సంతోషం. మీ నియమం ప్రకారం కుర్వినీ సరిహద్దులో ద్రాక్షతీగలున్న ప్రతి ఇంటికీ వంతు రావాలట కదా. మా పశువుల కొట్టం వెనక నాలుగు వరసలున్నాయి. అవి మీ సరిహద్దులోనే ఉన్నాయి, పన్ను కూడా మీకే కడుతున్నాం. మరి మా వంతు ఎప్పుడు?"

ఆర్సేన్ లెక్క చూసుకున్నాడు. కోరలీ తరువాతి వంతు అతనిదే. కాదంటే ఈయన విన్సెంట్ కాడని ఒప్పుకున్నట్టే, విగ్రహం మఠానికే పోతుంది. అవునంటే తను ఒక ఏడాది వెనక్కి జరగాలి. హాలంతా అతని నోటి వైపే చూసింది.

"కోరలీ తర్వాత మీరే ఫాదర్," అన్నాడు చివరికి, మైకు లేకుండా.

అప్పుడు చప్పట్లు కొట్టారు, సీసాలు తెరిచారు. బ్రదర్ ఓబిన్ వెన్న రొట్టె తింటూ ఏడ్చాడు. నేను విగ్రహాన్ని ఎత్తి కోరలీ చేతుల్లో పెట్టాను. ఆ పిల్ల ఆయన్ని పసిపిల్లాడిని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

జనవరి 23

పొద్దున లేచి గ్లాసు కడిగి దాని చోట పెట్టాను. అర ఖాళీగా ఉంది. ఖాళీ అర చూస్తే ఏమీ అనిపించదని రాయబోయాను. అబద్ధం. ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో ఆరేళ్ళ తరువాత నేను చెప్పేది వినే మనిషి ఒకరు ఉన్నారు, నిన్నటితో వెళ్ళిపోయారు. విన్సెంటో బెర్నార్డో, నాకు అక్కర్లేదు. నాకు ఆయన కావాలి.

కోరలీ ఫోన్ చేసింది.

"పిన్నీ, ఆయన మీద అప్పుడే దుమ్ము పడుతోంది. ఎలా దులపాలి?"

"ముట్టుకోకు! నేనొచ్చి దులుపుతాను. రోజూ వస్తాను. నాకు అలవాటే."

"రోజూ రా పిన్నీ. కుర్చీ వేసి పెడతా. నువ్వు కూర్చుని ఆయనతో మాట్లాడు. దులిపేది మాత్రం నేనే."

కోటు వేసుకున్నాను. ఆయనకు చెప్పవలసినవి చాలా ఉన్నాయి.